జ్వరానికి, నొప్పికి మొక్కల మందులు: ఏది, ఎంత, ఎన్నాళ్లు

ఒళ్లు కాలిపోతున్నప్పుడో, పంటిపోటు కన్ను మూయనివ్వనప్పుడో మనిషికి కావలసింది ఒక్కటే. ఈ గంట ఎలాగైనా గడవాలి. పొరపాట్లన్నీ ఆ తొందరలోనే జరుగుతాయి. "ఆకే కదా, ఏం చేస్తుంది" అనుకుంటూ గ్లాసుల కొద్దీ కషాయం తాగిస్తారు. ఘాటుగా ఉంటే బాగా పనిచేస్తుందని నూనెను నేరుగా పసివాళ్ల ముక్కు కింద రాస్తారు. ఆసుపత్రికి వెళ్లాల్సిన జ్వరాన్ని నాలుగు రోజులు ఇంట్లోనే సాగదీస్తారు.

మొక్క మందు కూడా మందే. పనిచేసే శక్తి ఉన్న ఆకుకు హాని చేసే శక్తీ ఉంటుంది. ఒకటి ఉండి ఇంకొకటి లేకపోవడం కుదరదు. కాబట్టి ప్రతి దాని గురించీ మూడు సంగతులు తెలియాలి: ఎంత వాడాలి, ఎన్నాళ్లు వాడాలి, ఎవరికి పడదు. ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నొప్పి విషయంలో మొక్కలు చేసే సాయం నిజంగా పెద్దది, ముఖ్యంగా పైపూతగా వాడినప్పుడు. జ్వరాన్ని నేరుగా దించడంలో మాత్రం ఇంట్లో కాచుకునే కషాయాల బలం తక్కువ. అవి వేరే రకంగా ఆదుకుంటాయి, ఆ సంగతి కింద వస్తుంది.

మొదట థర్మామీటరు, తర్వాతే ఆకు

నుదుటి మీద చేయి పెడితే వేడి ఉందని తెలుస్తుంది, ఎంతో తెలియదు. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, దాటితే జ్వరం కింద లెక్క. నోట్లో పెట్టి కొలిచేటట్టయితే అప్పుడే వేడిగా ఏమైనా తాగారేమో చూసుకోండి. తాగి ఉంటే అరగంట ఆగి కొలవండి, లేకపోతే కషాయం వేడిని జ్వరం అనుకుంటారు. వచ్చిన అంకెను, టైమును ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం చివరిదాకా పనికొస్తుంది.

జ్వరం శరీరం పొరపాటున తెచ్చుకున్నది కాదు. క్రిములు చొరబడ్డాయని తెలియగానే మెదడులో హైపోథాలమస్ దగ్గర ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే పదార్థం తయారై, ఒంటి వేడి ఎంత ఉండాలన్న లెక్కను పైకి జరుపుతుంది. ఆ కొత్త లెక్కకు చేరుకోవడానికే చలి, వణుకు. పారాసెటమాల్, ఆస్పిరిన్ లాంటివి ఆ పదార్థం తయారీకి అడ్డుపడి వేడిని దించుతాయి. వేడిగా ఉన్న ఒంట్లో చాలా క్రిములు సరిగా పెరగలేవు, మన రక్షణ కణాలు చురుగ్గా ఉంటాయి. అందుకే 38.5 ఉన్నా నీళ్లు తాగుతూ, పలకరిస్తే పలుకుతూ ఉన్న మనిషి గురించి కంగారు అక్కర్లేదు. 38 దగ్గరే ఉన్నా మగతగా, ఏదీ తాగకుండా పడి ఉన్న మనిషి గురించి కంగారు పడాలి.

కింద చెప్పిన వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఈ మార్గదర్శిని పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి:

- మూడు నెలల లోపు పాపకో బాబుకో 38 డిగ్రీలు, ఆపైన జ్వరం
- మెడ బిగుసుకుపోవడం, వెలుతురు చూడలేకపోవడం, మాట తడబడటం, ఫిట్స్
- గాజుగ్లాసు అడుగుతో నొక్కినా రంగు మారని ఎర్రటి, ఊదారంగు మచ్చలు
- ఆయాసం, ఛాతీ నొప్పి, తగ్గకుండా పెరుగుతున్న కడుపు నొప్పి
- ఎనిమిది పది గంటలుగా మూత్రం రాకపోవడం, తాగింది తాగినట్టు వాంతి కావడం
- మూడు రోజులు దాటినా జ్వరం దిగకపోవడం, దిగి మళ్లీ రావడం
- జీవితంలో ఎప్పుడూ రానంత తలనొప్పి ఒక్కసారిగా రావడం

మలేరియా, డెంగీ తిరిగే ప్రాంతంలో ఉంటేనో, అక్కడికి వెళ్లి వస్తేనో రక్తపరీక్ష ఆలస్యం చేయకూడదు. డెంగీలో ఇంకో మోసం ఉంది. జ్వరం దిగిన రోజునే అసలు ప్రమాదం మొదలుకావచ్చు. వేడి తగ్గిందని కషాయానికి దండం పెట్టుకునే వేళకే కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే అది పరుగెత్తాల్సిన సమయం.

ఏ భాగాన్ని ఎలా తయారు చేయాలి

మొక్కలోని మందు ఏ భాగంలో ఉంది, వేడికి తట్టుకుంటుందా లేదా అన్న దాన్ని బట్టి తయారీ మారుతుంది. ఇదేదో చిన్న సంగతి అనుకోకండి, మందంతా ఇక్కడే పోవచ్చు. మలేరియాకు మందు వెతుకుతున్న చైనా శాస్త్రవేత్త తు యూయూ బృందానికి చింగ్‌హావ్ మొక్క మొదట్లో నిలకడగా పనిచేయలేదు. 4వ శతాబ్దపు వైద్యుడు గె హాంగ్ ఆ మొక్కను నీళ్లలో నానబెట్టి పిండి రసం తాగమన్నాడే గానీ మరిగించమనలేదు. ఆ వాక్యం చదివాక, మరిగించడం వల్లే మందు పాడవుతోందేమోనని ఆమెకు తట్టింది. తక్కువ వేడి దగ్గర ఈథర్‌తో తీసి చూస్తే పనిచేసింది. మలేరియా మందు ఆర్టిమిసినిన్ అలా దొరికింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంట్లో పాటించాల్సిన పద్ధతి ఇది. మెత్తటి ఆకులు, పువ్వులు, వాసన ఉన్నవి ఏవైనా మరిగించకూడదు. పొయ్యి ఆపేశాక వేడి నీళ్లలో వేసి మూత పెట్టి పది నిమిషాలు ఉంచాలి. దీన్ని ఆయుర్వేదంలో ఫాంటం అంటారు. బెరడు, వేరు, కొమ్ము లాంటి గట్టివాటిని నలగ్గొట్టి, సన్నటి సెగ మీద పది పదిహేను నిమిషాలు మరిగిస్తే కషాయం. పచ్చిగా నూరితే కల్కం, పిండి తీస్తే స్వరసం. ఒకే మొక్క కల్కంగా తింటే ఒక బలం, ఫాంటంగా తాగితే ఇంకో బలం. కాబట్టి "రెండు చెంచాలు" అని ఎవరైనా చెబితే ఏ రూపంలో అని అడిగి తీరాలి.

మొక్కను గుర్తుపట్టడం అన్నిటికంటే ముఖ్యం. ఒకే పేరుతో రెండు మూడు మొక్కలు చెలామణిలో ఉంటాయి. తిప్పతీగకు దగ్గరి చుట్టాలైన తీగలు చూపుకి దానిలాగే ఉంటాయి. పువ్వు, కాయ, కాండం మూడూ చూసి తెలిసినవాళ్లు నిర్ధారిస్తేనే కోయండి. రోడ్డు పక్కన, మందు కొట్టిన పొలం గట్టున పెరిగినదాన్ని వదిలేయండి. పొడులు కొనేటప్పుడు సీసా మీద శాస్త్రీయ నామం, ఏ భాగమో, తయారీ తేదీ ఉన్నాయో లేదో చూడండి. పసుపు పొడి మరీ మెరిసిపోతుంటే అనుమానించాలి, రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు విషం కలపడం అనేకచోట్ల పట్టుబడింది. కొమ్ములు కొని దంచుకుంటే ఆ భయం తగ్గుతుంది.

జ్వరానికి: ముందు నీళ్లు, నీళ్లతో పాటు అల్లం

ఒంటి వేడి ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ చెమట రూపంలో, ఊపిరి రూపంలో నీళ్లు పోతూనే ఉంటాయి. జ్వరంలో వచ్చే నీరసం, తలనొప్పి, కళ్లు తిరగడంలో పెద్ద వాటా ఈ నీటి కరువుదే. వట్టి నీళ్లు సయించని నోటికి గోరువెచ్చటి, కాస్త ఘాటైన పానీయం సయిస్తుంది. కషాయం చేసే మేలులో సగం ఇదే, దీన్ని చిన్నచూపు చూడకండి. మిగతా సగం గొంతుకి, వికారానికి.

అల్లం, తులసి పానీయం ఇలా చేసుకోండి. బొటనవేలి గోరంత పచ్చి అల్లం ముక్కను కడిగి, దంచి, 250 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి సన్నటి సెగ మీద ఐదు నిమిషాలు మరగనివ్వండి. పొయ్యి ఆపండి. ఇప్పుడు ఎనిమిది పది తులసి ఆకులు చేత్తో చిదిమి వేసి వెంటనే మూత పెట్టండి. పది నిమిషాల తర్వాత మూత నెమ్మదిగా ఎత్తి దాని లోపలి వైపు చూడండి, ముత్యాల్లా నీటి బొట్లు పట్టి ఉంటాయి. వాటిని వాసన చూస్తే తులసి గుప్పుమంటుంది. ఆకులోంచి ఆవిరైన నూనె అక్కడికి చేరింది. ఆ బొట్లను గిన్నెలోకే వంచి కలిపేయండి. మూత లేకుండా చేసుంటే అదంతా వంటగది గాలిలో కలిసిపోయేది. తర్వాత వడగట్టి, గోరువెచ్చగా అయ్యాక, కావాలంటే చెంచా తేనె కలపండి. ఏడాది లోపు పిల్లలకు తేనె ఏ రూపంలోనూ ఇవ్వకూడదు, అందులో ఉండగల బొటులినం బీజాలు వాళ్ల పేగుల్లో విషం తయారు చేస్తాయి. పెద్దవాళ్లకు రోజుకి మూడు కప్పులు చాలు. ఇది జ్వరం అంకెను పెద్దగా దించదు. గొంతు సర్దుకుంటుంది, వికారం తగ్గుతుంది, మనిషి లేచి కూర్చుంటాడు.

వాంతులు, విరేచనాలు తోడైతే కషాయం కాదు, ఓఆర్‌ఎస్ కావాలి. పొట్లం దొరకకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలపండి. 5 మిల్లీలీటర్ల చిన్న చెంచా వాడాలి. ఉప్పు ఎక్కువైతే మేలు పోయి కీడు అవుతుంది.

నేలవేము గురించి చాలామంది అడుగుతారు. అంత చేదు ఇంకే ఆకులోనూ చూడలేదు నేను. నాలుక మీద వేసుకున్న చిన్న ముక్క చేదు భోజనం దాకా వదల్లేదు. అందులోని ఆండ్రోగ్రాఫొలైడ్‌ను మనుషుల్లో ఎక్కువగా పరీక్షించింది జలుబు, గొంతు నొప్పి లక్షణాల మీద. అక్కడ ఓ మోస్తరు మేలు కనిపించింది. పెద్దవాళ్లు మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడకుండా ఉంటే మంచిది. కొందరికి ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి బిగుసుకుపోయేంత అలర్జీ వచ్చిన దాఖలాలున్నాయి. మొదటిసారి కొద్దిగా పుచ్చుకుని గంటసేపు చూడండి. గర్భిణులు ముట్టకూడదు. తిప్పతీగనైతే జ్వరం వచ్చిందని నెలల తరబడి తాగి కాలేయం దెబ్బతిన్నవాళ్ల కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. కామెర్లు కనిపించాక ఆపితే చాలామంది కోలుకున్నారు. కాలేయ సమస్య, కీళ్లవాతం లాంటి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బులు ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు.

తడిగుడ్డతో ఒళ్లు తుడవడం మొక్కల మందు కాదు గానీ ఒక మాట చెప్పాలి. గోరువెచ్చటి నీళ్లే వాడండి. చన్నీళ్లు పోస్తే వణుకు పుట్టి లోపలి వేడి ఇంకా పెరుగుతుంది.

విల్లో బెరడు కథ, దాని లెక్క

నిజంగా జ్వరాన్ని దించే పదార్థం ఉన్న చెట్టు విల్లో. ఇంగ్లండ్‌లోని చిప్పింగ్ నార్టన్‌కు చెందిన ఎడ్వర్డ్ స్టోన్ అనే మతాధికారి ఒకరోజు ఆ బెరడు నమిలి, దాని చేదు జ్వరాలకు వాడే సింకోనా బెరడును గుర్తు చేయడంతో పరీక్ష మొదలుపెట్టాడు. ఒక బేకరీ పొయ్యి పక్కన మూడు నెలలు ఎండబెట్టి, పొడి చేసి, కొద్ది మోతాదుతో మొదలై నెమ్మదిగా పెంచుతూ దాదాపు 50 మందికి ఇచ్చాడు. ఆ ఫలితాలను 1763లో రాయల్ సొసైటీకి ఉత్తరంగా రాశాడు. తర్వాత 1828లో ఆ బెరడులోని మందు పదార్థం సాలిసిన్‌ను వేరుచేశారు, 1838లో సాలిసిలిక్ ఆమ్లం వచ్చింది, 1897లో బేయర్ కంపెనీలో ఆస్పిరిన్ తయారైంది. అది ఎలా పనిచేస్తుందో 1971లో గానీ తెలియలేదు. ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటుందని జాన్ వేన్ చూపించి 1982లో నోబెల్ పంచుకున్నాడు.

మరి ఆస్పిరిన్‌కు తల్లి లాంటి బెరడు ఉండగా టాబ్లెట్ ఎందుకు? లెక్క చూడండి. 240 మిల్లీగ్రాముల సాలిసిన్ ఉన్న ఎక్స్‌ట్రాక్ట్, అంటే బెరడు నుంచి తీసిన సారం, తీసుకున్నవాళ్ల రక్తంలో చేరిన సాలిసిలేట్ (సాలిసిన్ ఒంట్లో మారి అయ్యే పదార్థం), సుమారు 87 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చేదానితో సమానమని కొలిచారు. పెద్దవాళ్లలో జ్వరం దించడానికి ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు, ఆపైన కావాలి. పైగా ఒక జాతి విల్లోకీ ఇంకో జాతికీ సాలిసిన్‌లో ఎంతో తేడా ఉంటుంది. అంటే ఇంట్లో కాచిన బెరడు నీళ్లలో ఎంత మందు ఉందో ఎవరికీ తెలియదు, ఉన్నా జ్వరానికి చాలదు. నడుము నొప్పికి మాత్రం, సాలిసిన్ ఎంతో కొలిచి రాసిన ఎక్స్‌ట్రాక్ట్‌ను రోజుకి 240 మిల్లీగ్రాముల దాకా, పెద్దవాళ్లు, నాలుగు వారాలకు మించకుండా వాడవచ్చు. ఫలితం గంటలో రాదు, వారం పడుతుంది.

16 ఏళ్ల లోపు పిల్లలకు విల్లో ఇవ్వకూడదు. ఫ్లూ, ఆటలమ్మ లాంటి వైరస్ జ్వరాల్లో పిల్లలకు ఆస్పిరిన్ ఇస్తే మెదడు, కాలేయం వాచే రేయ్ సిండ్రోమ్ వచ్చే ప్రమాదం ఉంది. అదే కుటుంబపు పదార్థం కాబట్టి బెరడుకీ అదే నిషేధం. డెంగీ అనుమానం ఉంటే పెద్దవాళ్లకీ వద్దు, రక్తస్రావం పెరుగుతుంది.

సింకోనా, చింగ్‌హావ్ సంగతీ ఇక్కడే ముగిస్తాను. సింకోనాలోని క్వినైన్‌ను 1820లో పెల్లెటియర్, కావెంటూ వేరుచేశారు. ఈ రెండూ జ్వరాన్ని కాదు, మలేరియా క్రిమినే చంపుతాయి. అందుకే టీ కాచుకుని తాగితే క్రిమి సగం చచ్చి, సగం మందుకు అలవాటుపడి బతుకుతుంది. మలేరియాకు చింగ్‌హావ్ ఆకుల టీని వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది.

నొప్పికి: ఎక్కడ నొప్పో దాన్ని బట్టి

*పంటిపోటు.* లవంగంలోని యూజెనాల్ నరాన్ని మొద్దుబారుస్తుంది. దంతవైద్యులు జింక్ ఆక్సైడ్‌తో కలిపి తాత్కాలిక ఫిల్లింగ్‌గా వాడే పదార్థం ఇదే. లవంగ జెల్‌ను, మొద్దుబార్చే మందు బెంజోకైన్ జెల్‌తో పోల్చి చూసిన పరీక్షలో రెండూ సూది పోటును ఒకేలా తగ్గించాయి. పద్ధతి: ఒక చుక్క లవంగ నూనెను అర చెంచా మామూలు వంటనూనెలో కలపండి. చిన్న దూది ఉండను అందులో ముంచి, కారకుండా పిండి, నొప్పి ఉన్న పంటి మీద మాత్రమే ఆనించండి. ఒకటి రెండు నిమిషాలకు చిగురు బిరుసెక్కినట్టయి పోటు దూరంగా జరిగినట్టు ఉంటుంది. దూది తీసి ఉమ్మేయండి, మింగొద్దు. రోజుకి మూడు నాలుగు సార్లు, రెండు రోజులు. నూనె లేకపోతే ఒక లవంగాన్ని ఆ పంటి పక్కన పెట్టుకుని నెమ్మదిగా నలపండి. కలపని నూనె నేరుగా పెడితే చిగురు కాలి తెల్లగా పొర లేస్తుంది. చెంప వాచినా, నోరు తెరవలేకపోయినా లోపల చీము పట్టిందని అర్థం. లవంగం నొప్పిని కప్పిపెడుతుంది గానీ చీముని ఏమీ చేయదు.

*తలపోటు.* నుదురు చుట్టూ పట్టీ బిగించినట్టుండే తలనొప్పికి పుదీనా నూనె బాగా పనిచేస్తుంది. 10 శాతం పుదీనా నూనెను నుదుటికి, కణతలకు రాసి, గ్రాము పారాసెటమాల్‌తో పోలిస్తే రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 1996లో జర్మనీలో చేసిన పరీక్ష తేల్చింది. ఆ పరీక్షలో కలిపింది ఆల్కహాల్‌లో. ఇంట్లో ఒక చుక్క పుదీనా నూనెకి తొమ్మిది చుక్కల కొబ్బరి నూనె కలుపుకోండి. ఒక వేలి కొనతో నుదుటి మీద జుట్టు అంచు దగ్గర, కణతల దగ్గర పల్చగా రాయండి. పావుగంట తర్వాత ఇంకోసారి. కంటికి రెండు వేళ్ల దూరం ఉండాలి, రాసిన చేత్తో కన్ను నలపకండి. చల్లగా అనిపించేది నిజమైన చలువ కాదు. చలిని పసిగట్టే నరాల తలుపును పుదీనాలోని మెంథాల్ తడుతుంది, ఆ కబురు వెళ్తుంటే నొప్పి కబురు వెనకబడుతుంది.

*నెలసరి నొప్పి.* మొక్కల మందుల్లో నాకు అన్నిటికంటే నమ్మకం ఉన్నది శొంఠి మీదే, ఈ ఒక్క విషయంలో. 250 మిల్లీగ్రాముల అల్లం పొడిని రోజుకి నాలుగుసార్లు మూడు రోజులు ఇచ్చినవాళ్లకు, ఐబుప్రొఫెన్ ఇచ్చినవాళ్లకు ఉపశమనం దాదాపు ఒకేలా ఉందని 2009లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. ఇంటి లెక్కలో పావు చెంచా శొంఠి పొడి సుమారు అర గ్రాము. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వేడి నీళ్లలో కలిపి తాగితే రోజుకి గ్రాము అవుతుంది. నొప్పి ముదిరాక కాదు, మొదటి మెలి తెలిసిన వెంటనే మొదలుపెట్టండి. ప్రోస్టాగ్లాండిన్లు పోగుపడకముందే అడ్డుపడాలి. ఏమైనా తిన్నాకే తాగండి, పరగడుపున గుండెల్లో మంట పుడుతుంది. పొత్తికడుపు మీద వేడినీళ్ల సంచితో కాపడం తోడైతే ఇంకా మంచిది. నొప్పి నెలనెలా పెరుగుతున్నా, రోజువారీ పనులు ఆగిపోతున్నా అది "మామూలే" అని ఊరుకోకండి. గర్భాశయపు లోపలి పొర లాంటిది దాని బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ లాంటి జబ్బులు సంవత్సరాల తరబడి ఆ మాట వెనకే దాక్కుంటాయి.

*మోకాళ్లు, కీళ్లు.* పసుపు పొడిలో అసలు మందు పదార్థం కుర్కుమిన్ సుమారు 3 శాతమే. చెంచా పొడి, అంటే 3 గ్రాములు, తిన్నా 100 మిల్లీగ్రాములు రాదు, వచ్చిందీ పేగుల్లోంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. మిరియాల్లోని పైపెరిన్ తోడైతే ఎక్కడం 20 రెట్ల దాకా పెరిగిందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లకు నాలుగు వారాలు రోజుకి 1500 మిల్లీగ్రాముల పసుపు ఎక్స్‌ట్రాక్ట్ ఇచ్చి, 1200 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్‌తో పోల్చిన థాయ్‌లాండ్ పరీక్షలో రెండూ సమానంగా నిలిచాయి. కాబట్టి కీళ్లకు పసుపు అంటే పాలలో చిటికెడు కాదు, కొలిచిన క్యాప్సూల్. నెల వాడి చూసి మార్పు లేకపోతే ఆపేయండి. ఇక్కడే ఒక హెచ్చరిక. బాగా రక్తంలోకి ఎక్కేలా తయారుచేసిన పసుపు క్యాప్సూళ్లతో కాలేయం దెబ్బతిన్న కేసులు బయటపడ్డాయి. మూత్రం ముదురు రంగులోకి తిరిగినా, కళ్లు పచ్చబడినా ఆ రోజే మానేసి పరీక్ష చేయించుకోవాలి.

పైపూతకైతే మిరపకాయలోని క్యాప్సైసిన్ ఉంది. మంటను పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది దీని సాయంతోనే. 2021 నోబెల్‌లో ఆయనకు భాగం వచ్చింది. రోజూ రాస్తూ ఉంటే ఆ నరం కొనలు అలసి నొప్పి కబురు పంపడం తగ్గిస్తాయి. 0.025 శాతం క్రీమును రోజుకి మూడు నాలుగుసార్లు, బఠానీ గింజంత, మోకాలి చుట్టూ రాయాలి. మొదటి వారం మండుతుంది, చాలామంది అక్కడే వదిలేస్తారు. రెండు నుంచి నాలుగు వారాలు ఓపిక పడితే ఫలితం తెలుస్తుంది. మిరపకాయ నూరి పట్టు వేయడం మాత్రం వద్దు, బొబ్బలెక్కుతుంది. చేతికి అంటితే వట్టి నీళ్లతో పోదు, ముందు నూనెతో తుడిచి తర్వాత సబ్బుతో కడగండి.

*బెణుకులు, ఒళ్లు నొప్పులు.* బెణికిన మొదటి రెండు రోజులు చల్లటి గుడ్డ, ఆ తర్వాతే వేడి. కాపడానికి వావిలాకు మంచిది. గుప్పెడు ఆకును పెనం మీద వాడేదాకా వేయించి, గుడ్డలో మూటకట్టి, మణికట్టు లోపలి వైపు ఆనించి ఓర్చుకోగలిగే వేడి అని చూసుకున్నాక నొప్పి మీద పది పదిహేను నిమిషాలు కాపండి. వావిలి వాపు తగ్గిస్తుందన్నది ఎక్కువగా జంతువుల మీద చూసిన సంగతి. మనకు దక్కే సుఖంలో వేడిది పెద్ద పాలు. పాదాల్లో స్పర్శ తగ్గిన షుగరు రోగులకు కాపడం పెట్టకండి, కాలినా వాళ్లకు తెలియదు. కాపడానికి జిల్లేడు ఆకు తుంచేవాళ్లు పాలు కంట్లో పడకుండా చూసుకోవాలి. ఒక్క చుక్క చాలు, కంటి నల్లగుడ్డు మీది పొర వాచి చూపు మసకబారుతుంది.

గసగసాల మొక్క నుంచి 19వ శతాబ్దం మొదట్లో మార్ఫిన్ వచ్చింది, అంతకు మించిన నొప్పి మందు ఇప్పటికీ అరుదు. అయితే దాని కాయలు మరిగించి తాగడం అంటే ఎంత మార్ఫిన్ ఉందో తెలియని గ్లాసు ఎత్తడం. ఊపిరి ఆగిపోయి చనిపోయినవాళ్లున్నారు. అది ఇంటి వైద్యం కాదు.

చిన్న సీసాలు, పెద్ద ప్రమాదం

ఇంట్లో పిల్లలుంటే ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి. వింటర్‌గ్రీన్ నూనె వాసన బాగుంటుంది, చాలా నొప్పి బాముల్లో ఉంటుంది. అది దాదాపు పూర్తిగా ఆస్పిరిన్ కుటుంబపు మిథైల్ సాలిసిలేటే. ఒక్క చెంచాలో, అంటే 5 మిల్లీలీటర్లలో, సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌కు సమానమైన మందు ఉంటుంది. అంటే 325 మిల్లీగ్రాముల టాబ్లెట్లు ఇరవైకి పైగా. నడక నేర్చిన పిల్లవాడు అందులో కొంత తాగినా ప్రాణం మీదికి వస్తుంది. కర్పూరం మింగిన పిల్లలకు నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. నీలగిరి తైలం కూడా అంతే, కొద్ది మిల్లీలీటర్లకే మగత కమ్ముతుంది. రెండేళ్ల లోపు పిల్లల ముక్కు, ఛాతీ దగ్గర మెంథాల్, కర్పూరం ఉన్న ఏ బామూ రాయకండి, గొంతు బిగుసుకుని ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. ఆవిరి గిన్నె ముందు పిల్లల్ని కూర్చోబెట్టొద్దు. ఆవిరి జ్వరాన్ని తగ్గించదు, గిన్నె ఒలికితే ఒళ్లు కాలుతుంది. ఎవరైనా మింగారని తెలిస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, సీసాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఎవరు ఆగి ఆలోచించాలి

రక్తం పల్చబడే మందులు, ముఖ్యంగా వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకు విల్లో అసలు వద్దు. పసుపు క్యాప్సూళ్లు, శొంఠి మోతాదులు కూడా డాక్టరుకు చెప్పే మొదలుపెట్టాలి. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఇవన్నీ ఆపాలి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్పిరిన్ పడని ఉబ్బసం ఉన్నవాళ్లకు విల్లో నిషేధం. పిత్తాశయంలో రాళ్లుంటే పసుపు క్యాప్సూళ్లు వద్దు. గర్భిణులు వంటలో తినే అల్లం, పసుపు వరకే ఉండాలి. వికారానికి అల్లం రోజుకి గ్రాము దాకా వాడిన అధ్యయనాలున్నాయి, అంతకు మించవద్దు. పైపెరిన్ ఉన్న క్యాప్సూళ్లు వేరే మందుల మోతాదును కూడా రక్తంలో పెంచగలవు, ఫిట్స్ మందులు వాడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో చిక్కు, కలిపి వాడటం. విల్లో ఎక్స్‌ట్రాక్ట్ పుచ్చుకుంటూ మధ్యాహ్నం ఐబుప్రొఫెన్ వేసుకుని, రాత్రి నొప్పి బాము మర్దన చేస్తే మూడూ ఒకే వైపు లాగుతాయి, కడుపులో రక్తం కారేదాకా తెలియదు. ఒకేసారి ఒక్క మందే మొదలుపెట్టండి. అప్పుడే దేని వల్ల తగ్గిందో, దేని వల్ల దద్దుర్లు వచ్చాయో తెలుస్తుంది. పైపూతలైతే ముందు మోచేతి మడతలో చుక్క రాసి ఒక రోజు చూడండి.

కాగితం మీద నాలుగు గడులు

మొదట్లో టైము, జ్వరం అంకె రాసిన కాగితం తీయండి. పక్కన ఇంకో రెండు గడులు గీయండి: ఏం తీసుకున్నారు, రెండు గంటల తర్వాత ఎలా ఉంది. మందు పేరు దగ్గర "కషాయం" అని రాసి వదిలేయకండి. "శొంఠి, పావు చెంచా, వేడి నీళ్లలో" అని రాయండి. నొప్పికి సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేయండి, ఆ అంకె నొప్పి పడుతున్న మనిషే చెప్పాలి. జ్వరానికి మూడు రోజులు, పంటిపోటుకి రెండు రోజులు, తలనొప్పికి వారంలో రెండు మూడుసార్లు, కీళ్లకు నాలుగు వారాలు. ఆ గడువులోపు అంకె కదలకపోతే ఆ మొక్క మీకు పనిచేయడం లేదని అర్థం, మోతాదు పెంచకండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు కాగితాన్ని, వాడిన పొడి సీసాలను సంచిలో వేసుకుని వెళ్లండి. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా" అని అడిగినప్పుడు ముందు వాటినే బల్ల మీద పెట్టండి.